రెండో సాక్షి సంతకం

లచ్మన్ మామ ఆఫీసులో నా మొదటి రోజు పని ఆకుపచ్చ రిబ్బను కత్తిరించడం. ఒక్కో ముక్క మూర పొడవు. దానితో వీలునామా కాగితాలు కుట్టి ముడి వేసేవారు. పాత వీలునామా ఉంటే దాన్ని ఆ మనిషి కళ్లెదుటే నాలుగు ముక్కలు చేసి బుట్టలో పారేసేవారు. "ఇప్పుడు ఒక్కటే ఉంది, గుర్తు పెట్టుకో" అని చెప్పి పంపేవారు మామ.

అది 1997 జనవరి. నాకు పెళ్లై అయిదు వారాలు. మా ఆయన క్రాంతి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఊరికి ఉత్తరాన నార్త్‌డేల్‌లో, మేడ మీద రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఆ రోజుల్లో నాకు అన్నీ బాగానే కనిపించేవి. కుళాయి తిప్పితే వేడినీళ్లు రావడం బాగుండేది. ఒకే రంగు కప్పులు రెండు ఉండడం బాగుండేది. పొద్దున్న ఆయన బూట్లు వేసుకుంటూ ఎడమ బూటు తాడు మరిచిపోవడం, మెట్ల మీద నేను కేకేయడం, అదీ బాగుండేది. విశాఖలో లా చదివాను కాబట్టి ఇక్కడ కోర్టుకెక్కే అర్హత లేకపోయినా, లాయరు దగ్గర సహాయకురాలిగా చేరవచ్చన్నారు. మా కింది వాటాలో ఉండే ఆవిడ, "లచ్మన్ దగ్గరికి వెళ్లు, ఆయన తెలుగువాడే" అని పంపింది.

లచ్మన్ అప్పల్సామి తాత చెరకు తోటల్లో కూలికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడట. మామకు అరవై రెండేళ్లు. ఆయనకు తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి వచ్చేది ఇంగ్లీషే. ఆఫీసులో మరో లాయరు విల్‌ఫ్రెడ్‌ది మూడు తరాల కింద క్రైస్తవులైన కుటుంబం, ఆయనకు తెలుగులో మిగిలినవి కూరల పేర్లు, తిట్లు. అందుకే వాళ్లిద్దరితో నా మాటలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు నిలబడింది ఒక్క వల్లీ పిన్ని దగ్గర. ఆమె మామ భార్య; అందరూ పిన్ని అనే పిలిచేవారు, వరస కలవకపోయినా నేనూ అలాగే పిలిచాను. ఆఫీసులో టైపు చేసేది, ఫోను చూసేది, టీ పెట్టేది, రెండో సాక్షిగా సంతకం చేసేది.

ఆ చివరి పని గురించి చెప్పాలి. వీలునామా రాసిన మనిషి సంతకం పెట్టేటప్పుడు ఇద్దరు సాక్షులు చూస్తూ ఉండాలి, తరువాత ముగ్గురూ ఒకరి ఎదుట ఒకరు సంతకాలు చేయాలి. మొదటి సాక్షి విల్‌ఫ్రెడ్. రెండో సాక్షి ఎప్పుడూ పిన్నే. ఇరవై రెండేళ్లుగా ఆ ఆఫీసు గుమ్మం దాటిన ప్రతి వీలునామాలో రెండో గీత మీద ఆమె పేరు ఉంది. కాగితం వైపు చూసేది కూడా కాదు. "తిన్నావా అప్పా? మోకాలు ఎట్టుంది?" అని అవతలి మనిషిని పలకరిస్తూనే పెన్ను తీసుకుని, చివర తోక లాంటి గీతతో పేరు రాసి, పెన్ను మూత పెట్టి ఇచ్చేసేది.

మొదటి నెలలోనే ఆ ఆఫీసు ఎలా నిలబడిందో నాకు అర్థమైంది. మా వాళ్లలో చాలామంది పెళ్లిళ్లు గుడిలో పురోహితుడు చేసినవి. వాటిని ఈ దేశపు చట్టం పెళ్లిగా లెక్కలోకి తీసుకోదు. రిజిస్టరు చేసుకోని భర్త వీలునామా లేకుండా పోతే భార్యకు చట్టం కింద ఏమీ రాదు. మామ ప్రతి శనివారం ఏదో ఒక గుడి హాల్లో బల్ల వేసుకుని కూర్చునేవారు. నార్త్‌డేల్, ఇసిపింగో, స్టాంగర్ ఊళ్లలో వంతుల వారీగా. ముందుగా లేచి నిలబడి ఒకే మాట చెప్పేవారు.

"మీ పెళ్లి దేవుడికి తెలుసు. మీ చుట్టాలకు తెలుసు. ప్రభుత్వానికి తెలియదు. మీరు పోయిన మర్నాడు మీ ఆవిడ ఈ దేశానికి ఎవరో తెలియని మనిషి. ఇక కూర్చుని ఆలోచించండి."

హాల్లో వెనక వరుసలోంచి మగవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చేవాళ్లు.

అంతకు ముందు, అందరికీ మొదటిసారి ఓటు వచ్చిన తొంభై నాలుగు ఎన్నికల నెలల్లో, ఏ గొడవలొస్తాయోనని జనం డబ్బాల తిండి, కొవ్వొత్తులు కొని దాచుకుంటూ వీలునామాల కోసం వీధి చివరిదాకా నిలబడ్డారని విల్‌ఫ్రెడ్ చెప్పాడు. భయం తీరగానే వరుస కరిగిపోయింది. నేను చేరేనాటికి శనివారానికి పదిమంది వస్తే గొప్ప. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పాత వీలునామాలన్నిటికీ అట్టల మీద చిన్న చీటీలు రాసి పెట్టెల్లో పేర్చాను. పిల్లలు పుట్టినా, ఇల్లు మారినా, పెళ్లి విడిపోయినా వీలునామా మార్చాలి కదా, అయిదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాద్దామన్నాను.

"మూడువేల ఉత్తరాలా?" అన్నాడు విల్‌ఫ్రెడ్. "కొత్త పెళ్లికూతురికి ఓపిక ఎక్కువ."

"నీకు లేనిదల్లా అదే" అన్నారు మామ. నాకు స్టాంపులు తెచ్చిపెట్టారు.

ఏప్రిల్‌కి శనివారాలకు నలభై మంది వచ్చేవాళ్లు. స్టాంగర్‌లో హాలు చాలక బయట చెట్టు కింద కుర్చీలు వేశారు. రెండు గదుల ఆఫీసు పక్క గోడ పగలగొట్టి మూడు గదులైంది. ఇంటికి వెళ్లి క్రాంతికి ఇవన్నీ చెబుతుంటే ఆయన గిన్నెలు కడుగుతూ వినేవారు. "చావుల గురించి ఇంత సంతోషంగా మాట్లాడే మనిషిని చూడలేదు" అనేవారు. నిజమే. నాకు చావు ఇంకా కాగితమే.

ఇసిపింగో హాల్లో ప్రతిసారీ వెనక కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చునేది. పేరు సన్యాసమ్మ. మా బల్లకు జంతికల డబ్బా తెచ్చేది. వీలునామా మాత్రం రాయించుకునేది కాదు. ఒకసారి దారిలో పిన్నిని అడిగాను.

"రాయడానికి ఏటుంది అమ్మా దానికి?" అంది పిన్ని. "దాని పెనిమిటి ఆస్పత్రిలో సంతకం ఎట్టినాడు. ఒక సాచ్చి ఎట్టినాడు. రెండోవోడు వచ్చేసరికి పానం పోయింది. మీ మామ రాసినోడు గావట్టి సాచ్చిగా కూకోలేదు, కానీ ఆ గదిలోనే ఉన్నాడు, సూసినాడు. అందరూ కాళ్లు పట్టుకున్నారు, నువ్వే ఎట్టెయ్ లచ్మన్, ఎవులు సూత్తారు అని. ఎట్టనన్నాడు. చచ్చినోడి ఎనక సంతకం ఎట్టనన్నాడు. ఇల్లు మరిదికి ఎల్లిపోయింది. అప్పచెల్లెలి ఇంటి ఎనక గదిలో ఉంటంది."

"మరి జంతికలు ఎందుకు తెస్తుంది?"

పిన్ని కాసేపు కిటికీలోంచి చెరకు తోటలు చూసింది. "నానెప్పుడూ అడగలేదు" అంది.

మామ పిన్నీలది కూడా గుడి పెళ్లే. అంతకు ముందు మామకు రీటా అనే ఆవిడతో రిజిస్టరు పెళ్లి అయి, విడిపోయి, ఐవన్ అనే కొడుకు ఉన్నాడు. ఐవన్ జొహానెస్‌బర్గ్‌లో ఉంటాడు, పద్నాలుగేళ్లుగా తండ్రితో మాటల్లేవు. పిన్నితో పెళ్లి ఎనభై ఒకటిలో. అప్పుడు మామ రిజిస్టరు చేయించనన్నారట. తనను పట్టణం నడిబొడ్డులో పుట్టిన ఇంట్లోంచి వెళ్లగొట్టి, ఇది భారతీయుల పేట అని నార్త్‌డేల్‌లో పడేసిన తెల్లవాళ్ల ప్రభుత్వం ముందు నిలబడి తన పెళ్లి చెప్పుకోనన్నారట. మన ప్రభుత్వం వచ్చాక వెళ్దామన్నారు. ఆ ప్రభుత్వం వచ్చింది. అప్పటికి పెళ్లై పదమూడేళ్లు దాటిన వాళ్లకు ఆఫీసు వరుసలో నిలబడే తీరిక లేదు. "వీలునామా ఉంది కదా, అది చాలు" అనేవారు.

జూలైలో మామ ముప్ఫై ఏళ్లుగా అద్దెకుంటున్న మునిసిపాలిటీ ఇల్లు వాళ్ల సొంతమైంది. పట్టా కాగితం మామ పేరున వచ్చింది. ఆ రోజు పిన్ని ఆఫీసుకు పాయసం తెచ్చింది. పాత వీలునామాలో ఇల్లు లేదు కనుక మామ కొత్తది రాశారు. ఇల్లు, ఆఫీసు, అన్నీ వల్లికి. ఒకటిన్నర పేజీ. పిన్నే టైపు చేసింది.

సంతకాల రోజు ఆగస్టులో, ఇక్కడి చలికాలంలో, ఒక గురువారం. చలి. బల్ల కింద హీటరు ఎర్రగా వెలుగుతోంది. మామ విల్‌ఫ్రెడ్‌ను, నన్ను పిలిచారు. పిన్నికి ఆస్తి వస్తోంది కాబట్టి ఆమె సాక్షి కాకూడదు. సాక్షిగా సంతకం చేసినవాళ్లకు ఆ వీలునామా కింద ఏదీ చెల్లదు, ఇది మొదటి వారంలోనే మామ నాకు నేర్పిన సంగతి. అందుకే రెండో సాక్షిని నేను. సాక్షిగా నా మొదటి సంతకం. కొత్త ఇంటి పేరుతో ఎలా రాయాలో ముందురోజు ఇంట్లో కాగితం మీద ఆరుసార్లు రాసి చూసుకున్నాను.

మామ నా కళ్ల ముందు సంతకం చేశారు. విల్‌ఫ్రెడ్ చేశాడు. పెన్ను నా వైపు జరిపాడు. అప్పుడే ఫోను మోగింది. పిన్ని ఎత్తి, నవ్వి, నాకు పక్క గదిలోని ఫోను చూపించింది. "మీ ఆయన."

క్రాంతి ఎప్పుడూ పగలు ఫోను చేయరు. భయపడి పక్క గదిలోకి పరుగెత్తి ఆ ఫోను తీశాను.

"రత్నా, గోంగూర" అన్నారు. "ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకావిడ కట్టలు పెట్టుకుని అమ్ముతోంది. ఇక్కడి వాళ్లు పుల్లకూర అంటారట. రెండు తీసుకోనా, నాలుగా?"

"పది తీసుకోండి."

"పది ఎవరు వలుస్తారు?"

"మీరే."

ఏడు నెలలైంది గోంగూర చూసి. నవ్వుతూనే ఉన్నాను. ఎర్ర కాడలా తెల్ల కాడలా అని అడిగాను. ఆయన వెళ్లి చూసి వచ్చి చెప్పేదాకా ఆగాను. నేను తిరిగి వచ్చేసరికి కాగితాలు కుట్టేశారు. పాత వీలునామా నాలుగు ముక్కలై బుట్టలో ఉంది. మామ కోటు వేసుకుంటున్నారు, స్టాంగర్ నుంచి ఎవరో వచ్చి వరండాలో కూర్చున్నారు. విల్‌ఫ్రెడ్ ఆ మనిషితో మాట్లాడుతున్నాడు.

"నా సంతకం?" అన్నాను.

"ఐపోయింది, నాను సూసుకున్నా. నువ్వెల్లి ఆ స్టాంగర్ అప్పకు టీ ఇయ్యి" అంది పిన్ని.

ఆమె సూసుకున్నా అంటే ఏమిటో నేను అడగలేదు. ఆ సాయంత్రం గోంగూర పచ్చడి చేసుకుని, వేడి అన్నంలో నూనె వేసుకుని ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్నాం. ఆ రుచి ఇప్పటికీ నాకు తెలుసు.

లచ్మన్ మామ సెప్టెంబరు పంతొమ్మిదిన పోయారు. శుక్రవారం మధ్యాహ్నం, మర్నాటి ఇసిపింగో బల్లకు కాగితాలు సర్దుతూ కుర్చీలోనే పక్కకు ఒరిగారు. అక్టోబరు మొదటి సోమవారం పిన్నితో కలిసి రిజిస్టరు ఆఫీసుకు వెళ్లడానికి ఆయన డైరీలో రాసుకున్నారు. ఆ పేజీ నేనే చూశాను. సమయం కూడా రాశారు, తొమ్మిదిన్నర.

పదహారో రోజు కర్మ అయిన మర్నాడు వీలునామాను మాస్టర్ ఆఫీసులో దాఖలు చేయాలి. పోయినవాళ్ల ఆస్తులన్నీ ఆ ప్రభుత్వ కార్యాలయం మీదుగానే పంచుతారు. ఇనుప బీరువా తెరిచి ఆకుపచ్చ రిబ్బను కట్ట తీశాను. చివరి పేజీ తిప్పాను. రెండో సాక్షి గీత మీద తోక లాంటి గీతతో వల్లీ పిన్ని పేరు ఉంది.

కాసేపు ఆ పేజీ వెనక్కీ ముందుకీ తిప్పాను, ఇంకో పేజీ ఉందేమోనన్నట్టు. తరువాత వెళ్లి విల్‌ఫ్రెడ్ ముందు పెట్టాను.

ఆయన చదివి కళ్లజోడు తీశాడు.

"నేను వరండాలోకి వెళ్లాను" అన్నాడు. "లచ్మన్ ఫైలు వెతుక్కుంటున్నాడు. నువ్వు ఫోనులో ఉన్నావు. ఆమె చెయ్యి ఆమె పని చేసింది. ఇరవై రెండేళ్లు చేసింది కదా."

"మామ చూడలేదా?"

"ఆయన కూడా ఇరవై రెండేళ్లుగా ఆ పేరే చూస్తున్నాడు. అక్కడ ఇంకో పేరుంటేనే కనిపించేది."

ఇల్లు ఇప్పుడు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. పిన్నికి వీలునామా కింద రాదు. చట్టం కింద ఆమె భార్య కాదు. పాత వీలునామా ముక్కలై చెత్తబండిలో పోయింది. ఉన్నది ఒక్క వారసుడు, ఐవన్.

విల్‌ఫ్రెడ్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. "ఇంకో దారి ఉంది" అన్నాడు. "ఇద్దరు సాక్షులు సరిగ్గా ఉంటే మూడో సంతకం ఉన్నా తప్పులేదు. అప్పుడు ఆమె వాటా చెల్లుతుంది. ఆ రోజు గదిలో నువ్వున్నావు. ఆయన సంతకం పెట్టడం నువ్వు చూశావు. అబద్ధం కాదు. ఒక గీత కింద ఇంకో గీత. అంతే."

మామ పెన్ను బల్ల మీదే ఉంది. అదే నీలం సిరా. నేను చూశాను, అది నిజం. సంతకం చేయాల్సింది నేనే, అదీ నిజం. గోంగూర ఎర్ర కాడలదా కాదా అని అడుగుతూ నిలబడకపోతే ఈ పేజీలో నా పేరు ఉండేది. పెన్ను తీసి మూత విప్పాను.

తలుపు తోసుకుని పిన్ని వచ్చింది. తెల్ల చీర. చేతిలో టీ పళ్లెం. ఆ పదహారు రోజుల్లో ఆమె ఆఫీసు టీ మానలేదు. నా చేతిలో పెన్ను చూసింది, బల్ల మీద రిబ్బను చూసింది. పళ్లెం పెట్టి, కాగితాన్ని తన వైపు తిప్పుకుని చివరి పేజీ చూసింది. తన పేరు చూసింది.

ఆమె ముఖం నేను వర్ణించలేను. అరవలేదు, ఏడవలేదు. వేలితో తన సంతకం తోకను మెల్లగా రుద్దింది, అదేదో మరక అన్నట్టు.

"నానే ఎట్టినాను" అంది. "నానే."

"పిన్నీ, నేను చూశాను కదా. ఇప్పుడు పెట్టేస్తాను. ఎవరికీ…"

"ఎవులు సూత్తారు" అంది ఆమె. నన్ను అనలేదు. ఆ మాటను గుర్తు తెచ్చుకుంటున్నట్టు అంది. "సన్యాసమ్మ తమ్ముడు ఈ కుర్చీలోనే కూకుని ఇదే అన్నాడు. మీ మామ ఎట్టలేదు. అది పన్నెండేళ్లుగా ఎనక గదిలో ఉంటంది. జంతికలు అట్టుకొత్తంది. నాను ఏ మొకంతో తింటాను అవి?"

"అప్పటి సంగతి వేరు" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"తూలా, విల్‌ఫ్రెడ్" అంది పిన్ని. జులూలో నోరు మూసుకోమని. ఆయన మూసుకున్నాడు.

ఆమె నా వేళ్లలోంచి పెన్ను తీసి మూత పెట్టింది. ఎప్పుడూ అలాగే పెట్టేది, చిన్న చప్పుడుతో. "ఎల్లి ఇచ్చేసి రా. ఎట్టున్నది అట్టే ఇయ్యి. టీ తాగి ఎల్లు."

ఆ టీ తాగాను. వద్దనే ధైర్యం లేకపోయింది.

అయితే ఒక ఆశ మిగిలింది. సాక్షి మోసం చేయలేదని, ఒత్తిడి పెట్టలేదని నమ్మితే ఆమె వాటా ఆమెకే ఇమ్మని చెప్పే అధికారం హైకోర్టుకు ఉంది. విల్‌ఫ్రెడ్ దరఖాస్తు రాశాడు. నేను ప్రమాణ పత్రం రాశాను. సాక్షి సంతకం చేయాల్సిన సమయంలో భర్తతో ఫోనులో ఆకుకూర గురించి మాట్లాడుతున్నానని అందులో రాయాల్సి వచ్చింది. "కూర అని రాస్తే చాలదా?" అన్నాను. "ఏ కూరో రాస్తే నమ్ముతారు" అన్నాడు విల్‌ఫ్రెడ్. ఇంట్లో క్రాంతి దాన్ని చదివి, కాగితం మడిచి, నా పక్కన ఊరికే కూర్చున్నారు. ఆ తరువాత మేం ఆ కూర కొనలేదు.

ఐవన్ నవంబరులో వచ్చాడు. నలభై దాటని మనిషి, మామ నుదురే. గొంతు పెంచలేదు. పిన్నికి నమస్కారం పెట్టాడు కూడా.

"మా నాన్న నాకు చిన్నప్పుడు నేర్పింది చట్టమొక్కటే" అన్నాడు. "పద్నాలుగేళ్లు నాతో మాట్లాడలేదు. పోనివ్వండి, ఇప్పుడు ఆ చట్టమే ఆయన తరఫున మాట్లాడుతుంది."

"ఆవిడ ఎక్కడికి వెళ్తుంది?" అన్నాను.

"మా అమ్మ కూడా ఎక్కడికో వెళ్లింది కదా. ఎవరైనా అడిగారా?"

ఊదారంగు జకరండా పూలు వీధంతా రాలి ఉన్నాయి. అతని కారు వాటి మీదుగా వెళ్లిపోయింది.

సంగతి ఊళ్లోకి వెళ్లింది. మూడువేల వీలునామాలు రాసిన ఆఫీసు సొంత వీలునామా తప్పు రాసుకుందని నార్త్‌డేల్ దుకాణాల్లో చెప్పుకున్నారు. జనం తమ కాగితాలు వెనక్కి ఇమ్మని వచ్చారు. "కోపం ఏం లేదమ్మా, ఊరికే ఒకసారి వేరే చోట చూపిద్దామని" అనేవాళ్లు, నా కళ్లలోకి చూడకుండా. స్టాంగర్‌లో చెట్టు కింద కుర్చీలు వేసి రెండు గంటలు కూర్చున్నాం. ఇద్దరు వచ్చారు, ఒకతను దారి అడగడానికి. నేను సంబరంగా రాసి పేర్చిన చీటీలు పెట్టెల్లోంచి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. పగలగొట్టిన గోడ అవతల మూడో గదిలో దీపం వేయడం మానేశాం. ఒక్క సన్యాసమ్మ మాత్రం ఇసిపింగోలో ఎప్పటిలా వచ్చి కూర్చుంది. పిన్ని లేచి వెళ్లి ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. జంతికల డబ్బా వాళ్ల మధ్య ఉంది.

ఫిబ్రవరిలో ఐవన్ లాయరు నుంచి నోటీసు వచ్చింది. సాక్షికి ఆస్తి చెల్లదన్న నియమం ఈమెకు ఎంత బాగా తెలుసో రుజువు చేయడానికి, ఈమె సాక్షిగా ఉన్న వీలునామాలు కోర్టు ముందు పెట్టించమని అడిగారు. మా దగ్గర మిగిలినవి రెండువేల పైచిలుకు. అవి బతికున్నవాళ్లవి. ఎవరు ఏ కొడుక్కి ఏమీ రాయలేదో, ఎవరికి రెండో ఇల్లు ఉందో, ఎవరు ఎవరిని క్షమించలేదో అన్నీ అందులో ఉన్నాయి.

"అడిగితే అడగనీ, మనం అడ్డు చెబుదాం" అన్నాడు విల్‌ఫ్రెడ్. "జడ్జి కొన్నే చూస్తానంటాడు. ఓ యాభై."

"ఏ యాభై?" అంది పిన్ని.

విల్‌ఫ్రెడ్ పెట్టెల వైపు చూశాడు.

"ఆ యాభై ఇళ్లకు ఎల్లి నువ్వు సెప్పొత్తావా? మీ కాయితం సదివేసినారు, నా ఇంటి కోసరం అని?" ఆమె చీర చెంగుతో బల్ల మీది దుమ్ము తుడిచింది. దుమ్ము లేదు. "బతికుండగా ఎవులూ సదవరని మీ మామ మాటిచ్చినాడు. ఆ మాట మీద ఈ కొట్టు నిలబడ్డాది. ఇంకేటి మిగిలింది మాకు?"

మర్నాడు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. ఐవన్ మార్చి నెలాఖరు దాకా గడువిచ్చాడు. ఆఫీసు అద్దె గదులు, అందులో తీసుకోవడానికి ఏమీ లేదు కనుక అవి వదిలేశాడు. పిన్ని ఆఫీసు పక్కనే ఉన్న బేకరీ మేడ మీద గది తీసుకుంది. సామాను మోయడానికి క్రాంతి, నేను వెళ్లాం. ఆ ఇంట్లోంచి ఆమె తెచ్చుకున్నది తక్కువ. వంటింట్లో ఎత్తు పీట మీద నిలబడి పై అర తుడిచింది. వేరేవాళ్లకు అప్పగించే ఇల్లు శుభ్రంగా ఉండాలంది. తాళం చెవి ఐవన్ పంపిన మనిషికి ఇచ్చి, గేటు గడియ తనే పెట్టింది.

ఏప్రిల్‌లో మేమిద్దరం మా వీలునామాలు రాయించుకున్నాం. మాకు ఆస్తేముంది, రెండు కప్పులు, ఒక పాత కారు. కాని ఆ ఆఫీసులో కొత్త ఆకుపచ్చ రిబ్బను కత్తిరించి చాలా రోజులైంది. క్రాంతి ఫ్యాక్టరీలో సగం రోజు సెలవు పెట్టి వచ్చారు. ఎడమ బూటు తాడు ఊడే ఉంది. ఆయనది ముందు అయింది. తరువాత నాది. నేనే టైపు చేసుకున్నాను, పిన్నికి చూపించలేదు.

నేను సంతకం చేశాను. విల్‌ఫ్రెడ్ చేశాడు. కాగితం పిన్ని ముందుకు వెళ్లింది. ఆమె అలవాటుగా పెన్ను అందుకుంది. "తిన్నావా అబ్బాయ్?" అని క్రాంతిని అడిగింది. పెన్ను గీత మీద ఆనింది. అక్కడ ఆగింది.

ఆమె పెన్ను ఎత్తి, కాగితాన్ని మొదటి పేజీకి తిప్పింది. కళ్లజోడు పెట్టుకుంది. ఇరవై మూడేళ్లలో ఆమె సంతకం ముందు ఒక వీలునామా చదవడం విల్‌ఫ్రెడ్ కూడా చూడలేదు. వేలు పెట్టి ఒక్కొక్క వరుసా మెల్లగా చదివింది. బయట బేకరీ వాసన వస్తోంది. రెండో పేజీ సగంలో వేలు నిలిచింది. నా పెళ్లి గాజులు రెండు వల్లీ అప్పల్సామికి అని అక్కడ నేను రాశాను.

ఆమె ఆ వరుస మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి నా వైపు చూసింది, నేను తలదించుకున్నాను.

"నాకంటే ముందు నువ్వెల్లిపోవాలా ఏటి, ఇవి నాకు రావడానికి?" అంది. "పిచ్చి పిల్ల."

అప్పుడు పెన్ను మూత పెట్టి, "మీరిద్దరూ మళ్లీ ఎట్టాల" అని బల్ల మీద ఉంచింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బేకరీలో పనిచేసే అమ్మాయిని పిలిచింది.

"అలీషా, ఒక్క నిమిషం రా అమ్మా. రెండో సాచ్చి గావాల."